చేయి చెప్పే సాక్ష్యము: కినీసియాలజీ, ఒత్తిడి ఉపశమనము, చైతన్య సిద్ధాంతములపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

కొన్ని సంవత్సరముల క్రితం ఒక జిల్లా కేంద్రములో కాపరుల కొరకు రెండు రోజుల ఒత్తిడి ఉపశమన శిక్షణ జరిగింది. సంఘ సేవలో అలసిపోయినవారము గనుక ముప్పై మంది వరకు వెళ్ళాము. శిక్షకుడు మృదుస్వభావి, మాటలో మర్యాద గలవారు. రెండవ రోజు ఉదయము ఆయన నన్ను ముందుకు పిలిచి, "అయ్యగారూ, కుడిచేయి భుజము ఎత్తున పక్కకు చాపండి" అన్నారు. నా పేరు చెప్పమని, మణికట్టు మీద రెండు వేళ్ళతో నొక్కారు. చేయి నిలిచింది. వేరొకరి పేరును నా పేరుగా చెప్పమని నొక్కారు. చేయి దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. తరువాత "నేను నా తమ్ముణ్ణి క్షమించాను" అని చెప్పమన్నారు. చెప్పాను. ఆయన నొక్కారు. చేయి పడిపోయింది.

గదిలో నవ్వులు ఆగిపోయాయి. మా నాన్నగారి పొలము పంపకము విషయములో నాకును నా తమ్మునికిని తొమ్మిది సంవత్సరములుగా మాటలు లేవు. "శరీరము అబద్ధమాడదు అయ్యగారూ" అన్నారు శిక్షకుడు మెల్లగా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై సంవత్సరములకు పైగా ప్రభువు బల్ల యొద్ద నిలిచి క్షమాపణను గూర్చి ప్రసంగించినవాడను. నా హృదయములో ఉన్నది నా చేయి బయటపెట్టిందా? లేక నొక్కిన వేళ్ళు బయటపెట్టాయా? అసలు మనుష్యుని హృదయమును పరిశోధించే అధికారము ఎవరిది?

ఆ శిక్షణలో మూడు సంగతులను ఒకే కట్టగా మాకు అందించారు. మొదటిది కండర పరీక్ష. రెండవది ఒత్తిడిని తగ్గించే స్పర్శ పద్ధతి. మూడవది చైతన్యమునకు అంకెలు వేసే సిద్ధాంతము. కట్టగా ఇచ్చినప్పుడు ఒకదానిలోని మంచి మరొకదానికి సాక్ష్యముగా చెల్లిపోతుంది. నుదుటి మీద చేయి పెట్టగానే మనస్సు తేలికపడింది గనుక చైతన్య సిద్ధాంతము కూడా నిజమే అనుకుంటాము. కాబట్టి ఈ కట్టను విప్పి, ఒక్కొక్కదానిని వేరువేరుగా పరీక్షించుట ఈ వ్యాసము ఉద్దేశము.

ఒకే పేరు, రెండు విద్యలు

"కినేసిస్" అనే గ్రీకు మాటకు కదలిక అని అర్థము. విశ్వవిద్యాలయములలో కినీసియాలజీ అనే పేరుతో బోధించేది శరీర కదలికల శాస్త్రము. కీళ్ళు, కండరములు, నరములు ఏ విధముగా పనిచేస్తాయో అది చెబుతుంది. ఫిజియోథెరపిస్టులు చేసే కండర పరీక్ష దానికి సంబంధించినదే. పోలియో వలన బలహీనపడిన పిల్లల కండరములను కొలవడానికి ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దములలో అమెరికాలో ఆ పరీక్ష రూపుదిద్దుకున్నది. సున్నా నుండి 5 వరకు అంకెలతో కండర బలమును నమోదు చేసే పద్ధతి నేటికీ ఆసుపత్రులలో ఉన్నది. ఆ పరీక్ష తన హద్దు దాటదు. ఈ కండరము బలహీనముగా ఉన్నది, దీని నరమును చూడవలసి ఉన్నది అని చెప్పి ఊరకుంటుంది.

శక్తి ఆధారిత కినీసియాలజీ చరిత్ర వేరు. 1964లో అమెరికాలోని డెట్రాయిట్ నగరములో జార్జ్ గుడ్‌హార్ట్ అనే కైరోప్రాక్టర్, అనగా వెన్నుపూసను, కీళ్ళను చేతులతో సరిచేసే చికిత్సకుడు, "అప్లయిడ్ కినీసియాలజీ" అనే పద్ధతిని ప్రవేశపెట్టారు. ఆయన ఒక్కొక్క కండరమును లోపలి అవయవములతోను, చైనా సంప్రదాయ వైద్యములో మెరిడియన్లు అని పిలిచే శక్తి మార్గములతోను జత చేశారు. 1973లో కాలిఫోర్నియాకు చెందిన మరొక కైరోప్రాక్టర్ జాన్ థీ, సామాన్యులు ఇంటిలో చేసుకొనునట్లు "టచ్ ఫర్ హెల్త్" అనే పుస్తకమును ప్రచురించారు. అందులో 14 మెరిడియన్లు, వాటికి జత చేసిన కండరములు ఉన్నాయి. 1979లో జాన్ డైమండ్ అనే మానసిక వైద్యుడు ఈ పరీక్షను భావోద్వేగములకు అన్వయించి పుస్తకము వ్రాశారు. "నీ శరీరము అబద్ధమాడదు" అనే అర్థము వచ్చే పేరుతో అది ప్రసిద్ధికెక్కింది. మా శిక్షకుడు పలికిన మాటకు మూలము అదే. 1995లో డేవిడ్ హాకిన్స్ అనే అమెరికా మానసిక వైద్యుడు "పవర్ వర్సెస్ ఫోర్స్" అనే గ్రంథములో ఇదే పరీక్షతో లోకములోని సమస్త సత్యమును కొలవవచ్చునని ప్రకటించారు.

ఈ వరుసను జాగ్రత్తగా గమనించాలి. మొదట కండరము కండరమును గూర్చి చెప్పింది. తరువాత కాలేయమును గూర్చి, ఆ తరువాత దుఃఖమును గూర్చి చెప్పింది. చివరకు నీకయ సభను గూర్చి కూడా తీర్పు చెప్పింది. ప్రతి మెట్టులోను పరీక్ష అదే, రెండు వేళ్ళు అవే. పెరిగినది పరీక్ష బలము కాదు, దాని మీద మోపిన బరువు.

పరీక్షను పరీక్షించుట

ప్రవక్త పలికినది జరుగకపోతే అది యెహోవా పలికినది కాదని తెలిసికొనుమని మోషే ప్రజలకు నేర్పాడు (ద్వితీయోపదేశకాండము 18:21-22). విశ్వాసికి పరీక్ష అంటే భయము ఉండనవసరము లేదు. సత్యమని చెప్పుకొనే దేనినైనా ఫలితమును బట్టి చూడమనే ధైర్యము మన గ్రంథములోనే ఉన్నది. కండర పరీక్షను ఆ విధముగా చూచినవారు ఉన్నారు.

1988లో అమెరికా ఆహారశాస్త్ర సంఘపు పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. అనుభవము గల ముగ్గురు కినీసియాలజీ పరీక్షకులు 11 మందిని విడివిడిగా పరీక్షించి, వారిలో నాలుగు పోషకములు చాలినంత ఉన్నాయో లేవో చెప్పారు. ముగ్గురి తీర్పులు ఒకరితో ఒకరికి కుదరలేదు. ప్రయోగశాల రక్తపరీక్షలతో కూడ కుదరలేదు. 2001లో వెలువడిన మరొక పరిశోధనలో కందిరీగ విషము పడనివారి మీద ఈ పరీక్షను ప్రయోగించారు. ఏ సీసాలో విషము ఉన్నదో పరీక్షకునికి తెలియకుండా చేసినప్పుడు, దాని ఫలితము ఊహించి చెప్పినదానికంటె మెరుగుగా లేదు. 2014లో అచ్చయిన ఇంకొక పరిశోధనలో హానికర పదార్థము ఉన్న సీసాను, ఉప్పునీరు ఉన్న సీసాను ఇచ్చి ఏది ఏదో కనుగొనమన్నారు. 151 పర్యాయములలో 80 పర్యాయములు సరిగా చెప్పారు. అది నూటికి 53. నాణెము ఎగరవేసినా దాదాపు అంతే వస్తుంది.

రే హైమన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సంఘటనను వ్రాశారు. కొందరు కైరోప్రాక్టర్లు నాలుక మీద చక్కెర చుక్క వేస్తే చేయి బలహీనపడుతుందని, పండ్లలోని తీపి వేస్తే బలముగా ఉంటుందని చూపించారు. ఏ చుక్క ఏదో ఇద్దరికీ తెలియకుండా చేసినప్పుడు తేడా మాయమైంది. అప్పుడు వారి నాయకుడు, అందుకే మేము ఇటువంటి పరీక్షలు చేయము, అవి పనిచేయవు అన్నాడట. పద్ధతి తప్పిందని ఆయనకు తోచలేదు. పరీక్షే తప్పిందని తోచింది. త్రాసు తప్పు చూపిస్తే తూకపు రాళ్ళను మార్చే వర్తకుని వంటిది ఈ వాదము. దొంగత్రాసు యెహోవాకు హేయమని సామెతలు 11:1 చెప్పుచున్నది. ఆ మాట కిరాణా కొట్టుకే కాదు, జ్ఞానమును అమ్మే స్థలమునకు కూడా వర్తిస్తుంది.

అయితే చేయి పడిపోవుట నాటకమా? కాదు. నా చేయి నిజముగానే పడింది, శిక్షకుడు మోసగాడు కాడు. 1852లో ఇంగ్లాండులోని విలియం కార్పెంటర్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త దీనికి సంబంధించిన ఒక సంగతిని వివరించారు. మనస్సులోని తలంపు, మన సంకల్పము లేకుండానే, మనకు తెలియకుండానే కండరములను కొద్దిగా కదిలిస్తుంది. దీనికి ఐడియోమోటార్ చర్య అని పేరు. ఆ రోజులలో బల్ల చుట్టూ కూర్చుండి చేతులు దానిమీద ఉంచితే ఆత్మలు బల్లను కదిలిస్తాయని అనేకులు నమ్మేవారు. 1853లో మైకేల్ ఫారడే చేతులకును బల్లకును మధ్య జారే అట్టలు పెట్టి చూశారు. ముందు కదిలినవి చేతులే. బల్ల ఆ తరువాత కదిలింది. అక్కడ కూర్చున్నవారు అబద్ధికులు కారు, వారి చేతులు ఏమి చేస్తున్నాయో వారికే తెలియదు.

కండర పరీక్షలో ఇద్దరి చేతులు, ఇద్దరి తలంపులు ఉన్నాయి. నొక్కేవాడు ఎంత బలముతో, ఏ క్షణమున, ఏ కోణములో నొక్కుతాడో కొలిచే సాధనము లేదు. ఆపేవాడు "ఇప్పుడు పడుతుంది" అనుకొంటే ఆపే బలము అరక్షణము ఆలస్యమవుతుంది. నా సంగతి మళ్ళీ గుర్తు చేసికొంటే, మొదటి రోజు టీ సమయములో పక్కనున్న సహోదరునితో నేను పొలము తగాదా చెప్పుకొన్నాను. శిక్షకుడు అదే బల్ల దగ్గర ఉన్నారు. తమ్ముని మాట చెప్పునప్పుడు నా గొంతు తగ్గింది. ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. చేయి మా ఇద్దరికీ తెలిసినదానినే చెప్పింది.

ఒత్తిడి ఉపశమనము: దేనిని అంగీకరించవచ్చును?

రెండవ సంగతిలో మన విమర్శ న్యాయముగా ఉండాలి. "టచ్ ఫర్ హెల్త్" సంప్రదాయములో భావోద్వేగ ఒత్తిడి ఉపశమనము అనే పద్ధతి ఉన్నది. బాధపడేవాడు కన్నులు మూసుకొని తన బాధను తలంచుకొంటాడు. మరొకరు అతని నుదుటిపై, కనుబొమలకు కొంచెము పైన ఉన్న రెండు ఎత్తు ప్రదేశములను వ్రేళ్ళతో తేలికగా తాకి ఉంచుతారు. కొన్ని నిమిషములకు అతని శ్వాస నిదానిస్తుంది, ముఖము తేటపడుతుంది. మా శిక్షణలో ఒక వృద్ధ కాపరి ఈ సమయమున ఏడ్చి, చాలా రోజుల తరువాత తలబరువు తగ్గిందన్నారు. ఆయన అబద్ధమాడలేదు.

ఈ ఉపశమనమునకు శక్తి మార్గములు కారణమని వారు చెబుతారు. అంత దూరము వెళ్ళనవసరము లేదు. ఒక మనుష్యుడు తొందర లేకుండా మన పక్కన కూర్చున్నాడు. దయతో తాకాడు. ప్రశ్నలు వేయలేదు, ఉపదేశము చేయలేదు. మనము భయపడి దాచుకొన్న జ్ఞాపకమును నెమ్మదిగా ఊపిరి పీల్చుకొంటూ చూడగలిగాము. మనుష్యుని ఈ విధముగా నిర్మించినవాడు దేవుడే. ఏలీయా చావు కోరుకొన్నప్పుడు దూత మొదట అతనితో వాదించలేదు. తట్టి లేపి, రొట్టెయు నీళ్ళును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చాడు (1 రాజులు 19:5-7). హోరేబు ప్రశ్న ఆ తరువాత వచ్చింది. మన సంఘములలో ఏలీయాకు రొట్టె పెట్టకముందే ప్రసంగము పెడుతున్నాము. ఇతరుల నుదుటి స్పర్శకు మన విశ్వాసులు ఎందుకు పోతున్నారో అడుగుటకు ముందు, మన చేతులు ఎంత తొందరలో ఉన్నాయో అడగాలి.

ఈ పద్ధతి అంతా సాతాను క్రియ అని ఒక్క మాటలో తేల్చివేయుట కొందరికి సులభము. అది విమర్శ కాదు. భయపెట్టి పంపితే విశ్వాసి రహస్యముగా వెళతాడు. అయితే ఉపశమనము నిజమైనంత మాత్రాన దానికి చెప్పిన కారణము నిజము కాదు. ఈ తేడా మరచినచోట ప్రమాదము ఉన్నది. చేయి బలముగా ఉన్నది గనుక చక్కెర వ్యాధి మాత్రలు మానవచ్చునని, చేయి పడింది గనుక ఈ మందు మీకు పడదని చెప్పే చోట మనము నిర్మొహమాటముగా వద్దనాలి. ఇన్సులిన్ మానినవాని రక్తములోని చక్కెర అతని చేతిని అడిగి పెరగదు.

"శక్తి" అనే మాట విషయములోను జాగ్రత్త కావాలి. తెలుగులో మెరిడియన్ల శక్తికి, విద్యుత్ శక్తికి, అపొస్తలుల కార్యములు 1:8లోని శక్తికి ఒకే మాట వాడుతున్నాము. భౌతిక శాస్త్రములో శక్తిని కొలవవచ్చును. మెరిడియన్లలో ప్రవహించునని చెప్పేదానిని ఏ పరికరమును కొలవలేదు. పరిశుద్ధాత్ముడైతే శక్తిని అనుగ్రహించే వ్యక్తి, మనము వాడుకొనే శక్తి కాదు. సమరయలో సీమోను ఈ తేడా గ్రహించక ద్రవ్యము తెచ్చాడు (అపొ. కార్యములు 8:18-20).

చైతన్య కొలబద్ద

ఇప్పుడు మూడవ సంగతికి, అనగా హాకిన్స్ గ్రంథమునకు వద్దాము. ఆయన 1927లో జన్మించి 2012లో మరణించారు. 1973లో నోబెల్ గ్రహీత లైనస్ పాలింగ్‌తో కలిసి మానసిక వైద్య గ్రంథమును వెలువరించిన విద్యావంతుడు. వ్యసనములకు లోబడినవారి పట్ల ఆయనకు నిజమైన కనికరము ఉన్నది. బలాత్కారముకంటె సత్యమునకు ఎక్కువ ప్రభావము ఉన్నదనే ఆయన ముఖ్యాంశమును మనము ద్వేషించనవసరము లేదు.

ఆయన సిద్ధాంతము ఇది. మనుష్యుల చైతన్యమునకు 1 నుండి 1000 వరకు స్థాయిలు ఉన్నాయి. సిగ్గు 20, అపరాధ భావము 30, దుఃఖము 75, భయము 100, కోపము 150, గర్వము 175, ధైర్యము 200, వివేచన 400, ప్రేమ 500, సమాధానము 600. దానిపైన జ్ఞానోదయము. 200కు దిగువ ఉన్నది అసత్యము, పైన ఉన్నది సత్యము. ఈ అంకెలు ఎక్కడివి? "ఇది 200కు పైన ఉన్నదా? 300కు పైన ఉన్నదా?" అని చేతిని అడుగుతూ పోగా వచ్చినవి. ఎప్పటి సంగతినైనా, ఎక్కడి సంగతినైనా ఈ విధముగా అడగవచ్చునట. సర్వమానవ చైతన్యము ఒక్కటే గనుక చేతికి సమస్తము తెలుసునట. భౌతిక శాస్త్రజ్ఞుడు డేవిడ్ బోమ్ ఆలోచనలను, గణితములోని కేయాస్ సిద్ధాంతమును ఆయన దీనికి ఆధారముగా తెచ్చుకొన్నారు. ఆ శాస్త్రములలో చేతిని నొక్కి సత్యము తెలిసికొనే భాగము ఏదియు లేదు.

చైతన్యమును గూర్చి నిజముగా పరిశోధించేవారు ఇంత నిశ్చయముగా మాట్లాడరు. నాడీకణముల పని నుండి "నాకు నొప్పిగా ఉన్నది" అనే అనుభవము ఎట్లు కలుగుతుందనేదానిని 1995లో డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్త కఠిన సమస్య అని పేర్కొన్నారు. బెర్నార్డ్ బార్స్ 1988లో ఒక సిద్ధాంతమును, జూలియో టొనోని 2004లో మరొక సిద్ధాంతమును ప్రతిపాదించారు. నేటికీ వాదన తీరలేదు. తెలియనిదానిని తెలియదనుట శాస్త్రమునకు అవమానము కాదు.

హాకిన్స్ పద్ధతిలోని మరొక లోపము మన విద్యార్థులు గుర్తించాలి. పరీక్షించేవాడు, పరీక్షింపబడేవాడు ఇద్దరూ 200కు పైన ఉంటేనే ఫలితము సరిగా వస్తుందని ఆయన నియమము పెట్టారు. ఫలితము వేరుగా వస్తే మీరు 200కు దిగువ ఉన్నారన్నమాట. మీరు 200కు పైన ఉన్నారని తెలిసికొనుటకు మళ్ళీ అదే పరీక్ష. ఈ వలయములోనికి వెళ్ళిన ప్రశ్న బయటికి రాదు. ప్రశ్నించినవానినే తక్కువవానిగా చేసే బోధ ఎక్కడ కనబడినా, అది సంఘములో కనబడినా, మనము ఆగి ఆలోచించాలి.

ఇక వేదాంత సంబంధమైన విమర్శ. ఈ కొలబద్దలో యేసు క్రీస్తు 1000. కృష్ణుడు, బుద్ధుడు కూడా 1000. ఇది ఆయనకు గౌరవము కదా అని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. కొలబద్ద మీద పైమెట్టు ఎక్కించుట కూడా ఆయనను కొలబద్దలో బంధించుటే. ఆయన దగ్గర ప్రారంభమైన సత్యము క్రమేణ దిగజారి, ముఖ్యముగా క్రీ.శ. 325 నీకయ సభ కారణముగా పడిపోయిందని హాకిన్స్ వ్రాశారు. నీకయలో జరిగినదానిని గూర్చి లేఖనములతో, పత్రములతో, చరిత్రతో వాదించవచ్చును. మన సెమినరీలలో వాదిస్తూనే ఉన్నాము. చేతిని అడిగి తేల్చినదానితో ఎవరు వాదించగలరు? అది చర్చను గెలుచుట కాదు, రద్దు చేయుట.

అన్నిటికంటె లోతైన భేదము కొలబద్ద అడుగున ఉన్నది. సిగ్గు 20, అపరాధ భావము 30, దుఃఖము 75. మరణమునకు ఇవి సమీపమట, సత్యమునకు దూరమట. అయితే సువార్త ఏమి చెప్పుచున్నది? దేవుని స్వరూపము గలవాడు తన్ను తాను రిక్తునిగా చేసికొని సిలువ మరణము వరకు దిగివచ్చాడు (ఫిలిప్పీయులకు 2:6-8). ఆయన ఆ సిలువ అవమానమును భరించాడు (హెబ్రీయులకు 12:2). గెత్సేమనేలో ఆయన ఎంత దుఃఖపడెనో నలుగురు సువార్తికులలో ముగ్గురు వ్రాశారు. ఈ కొలబద్దతో గెత్సేమనేను కొలిచితే 75 దగ్గర ఆగుతుంది, గొల్గొతాను కొలిచితే 20 దగ్గర ఆగుతుంది. దేవాలయములో రొమ్ము కొట్టుకొన్న సుంకరికి 30 వస్తుంది, అతని ప్రక్కన నిలిచిన పరిసయ్యునికి 175 వస్తుంది. నీతిమంతునిగా ఇంటికి వెళ్ళినవాడు ఎవడో ప్రభువు చెప్పాడు (లూకా 18:14). సిలువను చదువలేని కొలబద్ద క్రీస్తును కొలవలేదు.

మన తెలుగు సంఘమునకు ఇది పుస్తకములో మాట మాత్రమే కాదు. 1876-78 కరవు తరువాత, 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో అత్యధికులు మాదిగపల్లెలనుండి వచ్చినవారు. ఆకలి, భయము, తరతరములుగా ఇతరులు మోపిన సిగ్గు వారి మీద ఉన్నాయి. ఆ నది ఒడ్డున ఈ కొలబద్ద పెట్టి ఉంటే, వారందరూ 200కు దిగువ, సత్యము తెలిసికొనలేనివారు అని చెప్పి ఉండేది. సిగ్గు మోపినవారికి 175, మోసినవారికి 20. ఆ లెక్క మన తాతముత్తాతలు ఎరిగిన పాత లెక్కే, అంకెలు మాత్రము కొత్తవి. మనము ఆ నది నుండి వచ్చినవారము. ఆ లెక్కకు సంఘములో చోటు ఇవ్వలేము.

మాటల విషయములోను ఒక గమనిక. "చైతన్యము" అనే తెలుగు మాట వెనుక అద్వైత వేదాంత చరిత్ర ఉన్నది. అందరిలో ఉన్న చైతన్యము ఒక్కటే అనే భావమును అది తనతో తెస్తుంది. పౌలు వాడిన "సునైదేసిస్" అనే మాటకు మన అనువాదకులు "మనస్సాక్షి" అనే మాట ఎన్నుకొన్నారు. సాక్షి న్యాయాధిపతి కాడు. తన మనస్సాక్షి తన మీద నేరము మోపకపోయినను, అందువలన తాను నీతిమంతుడను కానని, తన్ను విమర్శించువాడు ప్రభువేనని పౌలు కొరింథీయులకు తెలియజేశాడు (1 కొరింథీయులకు 4:3-5). పౌలు తన మనస్సాక్షికే ఇవ్వని సింహాసనమును మనము భుజము కండరమునకు ఇవ్వవచ్చునా?

మన ఇంటిలోని త్రాసులు

ఇతరులను విమర్శించి మన ఇంటిని విడిచిపెట్టుట న్యాయము కాదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు పంచుతాము. వాక్యమును జ్ఞాపకము పెట్టుకొనుటకైతే మంచిదే. అయితే "ఈ సంవత్సరము నాకు ఏమి జరుగుతుందో కార్డు చెప్పింది" అని విశ్వాసి అనునప్పుడు మనము సరిదిద్దుతున్నామా? కన్నులు మూసుకొని బైబిలు తెరచి వ్రేలు పెట్టి పెండ్లి సంబంధము నిర్ణయించినవారు మన మధ్య లేరా? "నీ ఇంటిలో ఫలానివారు నీకు చేతబడి చేశారు, ప్రభువు నాకు చూపించాడు" అని చెప్పి కుటుంబములను విడదీసినవారు లేరా? అక్కడ రెండు వేళ్ళు లేవు గాని పని అదే. ప్రశ్నించ వీలులేని తీర్పు, తీర్పు చెప్పువాని చేతిలోని అధికారము.

బైబిలులో చీట్లు వేసిన సందర్భములు ఉన్నవి. గిద్యోను గొర్రెబొచ్చు కూడా ఉన్నది. దేవుడు బిలాము గాడిద నోటను మాటలాడించాడు (సంఖ్యాకాండము 22). అంతమాత్రాన బిలాము ప్రతి ఉదయము గాడిదను సలహా అడుగుటకు వెళ్ళాడని ఎక్కడా వ్రాయబడలేదు. పెంతెకొస్తు తరువాత సంఘమునకు పెద్ద వివాదము వచ్చినప్పుడు, యెరూషలేములో అపొస్తలులు, పెద్దలు కూడివచ్చి బహుగా తర్కించి, పేతురు సాక్ష్యము విని, బర్నబా పౌలుల వృత్తాంతము విని, ప్రవక్తల వాక్యములతో సరిచూచుకొన్నారు (అపొ. కార్యములు 15). పరిశుద్ధాత్ముని నడిపింపు ఆ చర్చకు బయట రాలేదు, ఆ చర్చలోనే వచ్చింది. ఆ దారి కష్టమైనది, ఆలస్యమైనది. కాని అక్కడ ప్రతివానికి నోరు విప్పే హక్కు ఉన్నది.

కాపరులకు మనవి

ఇటువంటి శిక్షణకు వెళ్ళివచ్చిన విశ్వాసిని గద్దించకముందు, అతనికి అక్కడ ఏమి దొరికిందో అడిగి వినండి. విశ్రాంతి దొరికితే దానిని కాదనవద్దు. పరీక్షను మాత్రము తీర్పుగా స్వీకరించవద్దని వివరముగా చెప్పండి. మందులు మానితే వెంటనే వైద్యుని యొద్దకు పంపండి. చావు తలంపులు ఉన్నవానిని ప్రార్థనతో పాటు మానసిక వైద్యుని యొద్దకు తీసికొని వెళ్ళండి, తోడుగా కూర్చోండి. చేతులుంచి ప్రార్థించునప్పుడు, ముఖ్యముగా సహోదరీల విషయములో, వారి అనుమతి, ఇతరుల సమక్షము అవసరమని మరువవద్దు. ఎవని హృదయ స్థితినీ పదిమంది ఎదుట పరీక్షకు పెట్టవద్దు. ఆ గదిలో నేను పొందిన సిగ్గును మీ సంఘములో ఎవరును పొందకుందురు గాక.

ముగింపు

చివరిగా ఒక ప్రశ్న మిగిలి ఉన్నది. ఆ రోజున నా చేయి చెప్పినది నిజమే కదా? అవును, నేను నా తమ్ముణ్ణి క్షమించలేదు. కాని ఆ పరీక్షలో, మనసారా క్షమించినను గాయము ఇంకను మానని సహోదరి చేయి కూడా పడిపోతుంది. క్షమించని కఠినుడు, తాను క్షమించానని గట్టిగా నమ్మితే, అతని చేయి నిలుస్తుంది. ఆ ఇద్దరి భేదము భుజములో కనబడదు. హృదయమును పరిశోధించువాడు ఒక్కడే (యిర్మీయా 17:9-10). మన హృదయము మన మీద దోషారోపణ చేసినప్పుడు, ఆయన మన హృదయముకంటె అధికుడని యోహాను ఆదరించాడు (1 యోహాను 3:20). ఏ చేయియు ఆ ఆదరణ ఇవ్వలేదు.

ఆ శిక్షణ తరువాత వచ్చిన ఆదివారము ప్రభురాత్రి భోజనము. బల్ల ముందు నిలువబడినప్పుడు నాకు గుర్తు వచ్చినది పడిపోయిన చేయి కాదు. అర్పణము బలిపీఠము నొద్ద విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమన్న ప్రభువు ఆజ్ఞ (మత్తయి 5:23-24). బుధవారము బస్సు ఎక్కి మా ఊరు వెళ్ళాను. తమ్ముడు గుమ్మములో నన్ను చూచి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి వేశాడు. పొలము తగాదా ఆ రోజున తీరలేదు, నేటికీ పూర్తిగా తీరలేదు. కాని మేము మాట్లాడుకొంటున్నాము. నా మనస్సులో క్షమాపణ ఎన్నవ అంకెలో ఉన్నదో నాకు తెలియదు. వచ్చే నెల మరల వెళ్ళాలి అని మాత్రము తెలుసు.